చెప్పుకోవడం వేరు, పొగుడుకోవడం వేరు



ఈ రోజు నా మాటలు ముఖ్యంగా కొందరి కోసం. పీహెచ్‌డీ పూర్తిచేసో, నెట్ పాసయ్యో, అధ్యాపక ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకుల కోసం. గంటకింత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బు మీద ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న గెస్ట్ లెక్చరర్ల కోసం. వాళ్లను ఇంతవరకు చదివించి, ‘ఉద్యోగం ఎప్పుడొస్తుందిరా’ అని అడగలేక అడుగుతున్న అమ్మానాన్నల కోసం కూడా.

విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఎంతకాలంగా ఖాళీగా ఉంటున్నాయో మీకు తెలుసు. నోటిఫికేషన్ ఎప్పుడో గానీ రాదు. వచ్చినా ఒక్కోసారి కోర్టులో ఆగిపోతుంది. అవేవీ మీ చేతిలో లేవు. మీ చేతిలో ఉన్నది ఒకటి ఉంది. అవకాశం వచ్చిన రోజున మీ పని ఏమిటో ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలగడం. దాని గురించే ఈ పావుగంట మాట్లాడుకుందాం.

ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోకూడదని మన ఇళ్లలో పెద్దలు నేర్పుతారు. మంచి గుణమే. దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఇంటర్వ్యూ గదిలో ఆ గుణమే మన పిల్లల నోరు కట్టేస్తోంది. ‘మీ పరిశోధనలో కొత్తగా తేలింది ఏమిటమ్మా’ అని బోర్డు అడుగుతుంది. అమ్మాయి తలదించుకుని, ‘పెద్దగా ఏం లేదు సార్, చిన్న పనే’ అంటుంది. ఐదేళ్ల కష్టం ఆ ఒక్క మాటతో నిజంగానే చిన్నదైపోతుంది. ఇంకో అబ్బాయి దీనికి పూర్తిగా ఎదురు. ఎక్కడో విన్న సలహా పట్టుకొచ్చి, ‘నేను చాలా కష్టపడే మనిషిని, నాయకత్వ లక్షణాలు ఉన్నవాణ్ణి’ అని మొదలుపెడతాడు. పని మాట ఎత్తడు. ఇద్దరి విషయంలోనూ బోర్డుకు తెలిసింది ఏమీ లేదు.

అందుకే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చెప్పుకోవడం వేరు, పొగుడుకోవడం వేరు. ‘నేను గొప్ప పరిశోధకుణ్ణి’ అంటే పొగుడుకోవడం. ‘ఈ ప్రశ్న తీసుకున్నాను, ఇలా వెతికాను, ఇది తేలింది’ అంటే చెప్పుకోవడం. మొదటి మాటకు సాక్ష్యం ఉండదు. రెండో మాటకు మీ థీసిస్సే సాక్ష్యం.

మంచి పని చేస్తే చాలు, అదే మాట్లాడుతుంది అంటారు కొందరు. వాళ్లు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం ఒకసారి తలచుకోవాలి. ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అది ప్రచురితమైంది. బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ దాన్ని నేర్చుకుంటారు. అంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత అధ్యాపక పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ యాసిడ్ మీద, క్యాన్సర్ మందుల మీద, మన కోస్తా ప్రజలు బాగా ఎరిగిన బోదకాలు వ్యాధి మందు మీద అక్కడ ఆయన ఆధ్వర్యంలో పని జరిగింది. 1948లో కన్నుమూశారు. ఆయన మందులు వాడిన వాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు ఎంతమంది?

తప్పు సుబ్బారావుగారిదని నేను అనడం లేదు. అవి పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి వెళ్లినవాడికి తలుపులు సులువుగా తెరుచుకోని రోజులు. పైగా ఆయన ప్రచారానికి దూరంగా మసలిన మనిషి. నేను చెప్పేది ఒక్కటే. అంతటివాడి పని కూడా తనంతట తాను మాట్లాడలేదు. మీ పనీ నా పనీ మాట్లాడుతుందా? మనమే చెప్పాలి.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? పేరు దగ్గర.

మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. కానీ తెలుగువాళ్లకు ఇది పెద్ద చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి. మొదటి వ్యాసం అచ్చయినప్పుడు ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం పెట్టారు. రెండో వ్యాసంలో పూర్తి ఇంటిపేరు చివర్లో వచ్చింది. పెళ్లయ్యాక అమ్మాయికి మరో ఇంటిపేరు. ఇప్పుడు కంప్యూటర్‌లో వెతికితే ఒక్క మనిషి ముగ్గురు మనుషులుగా కనిపిస్తుంది. ముగ్గురికీ తలా ఒక వ్యాసం. మీ పని అంతా ఒకచోట చేరి కనపడదు.

దీనికి మందు ఉంది. పరిశోధన మొదలుపెట్టిన రోజే, వ్యాసాల మీద మీ పేరు ఎలా ఉండాలో తేల్చుకోండి. ప్రతి వ్యాసం మీదా అలాగే రాయండి. పెళ్లయినా, ఊరు మారినా, దేశం మారినా అదే పేరు. దానితోపాటు ఆర్కిడ్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోండి. ఆర్కిడ్ అంటే పువ్వు పేరు కాదు. ఓ, ఆర్, సీ, ఐ, డీ అని రాస్తారు. 16 అంకెలు ఉంటాయి. ఉచితంగా ఇస్తారు. పేరు ఎన్ని రకాలుగా అచ్చయినా ఆ సంఖ్య కింద మీ పని అంతా ఒకచోట చేర్చుకోవచ్చు. ఇంకా పరిశోధన చేస్తున్నవాళ్లు ఈ వారమే ఈ పని పూర్తిచేసుకోండి.

ఇక దరఖాస్తు. ఇక్కడ మనవాళ్లు నష్టపోయేది తెలివి తక్కువై కాదు, కాగితం తక్కువై. ముఖ్యంగా ఒకటి చెబుతాను, జాగ్రత్తగా వినండి. మన రాష్ట్రాల్లో బీసీ-ఏ, బీసీ-బీ అంటూ ఇచ్చే కుల ధ్రువపత్రం వేరు. కేంద్ర విశ్వవిద్యాలయాలు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం వేరు. రెండోది కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన నమూనాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. చివరి తేదీకి రెండు రోజుల ముందు మీసేవకు పరుగెత్తితే పని జరగదు. మళ్లీ చెబుతున్నాను. రాష్ట్రం ఇచ్చే బీసీ పత్రం వేరు, కేంద్రం నమూనాలోని ఓబీసీ పత్రం వేరు. అలాగే, ఒక కాలేజీలో పని మానేసే రోజునే అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ హోదాలో పనిచేశారో అందులో స్పష్టంగా రాయించుకోండి. నాలుగేళ్ల తర్వాత వెళితే ఆ ప్రిన్సిపాల్ ఉండకపోవచ్చు, ఆ కాలేజీయే ఉండకపోవచ్చు.

ఇప్పుడు ప్రచురణల సంగతి. ఇక్కడ నా మనసులో బాధ ఉంది, అది చెప్పాలి. సంఖ్య ఎక్కువ ఉంటే ఉద్యోగం వస్తుందన్న ఆశతో, డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలకు మన పిల్లలు వేలకు వేలు పోస్తున్నారు. ఆ డబ్బు ఎక్కడిది? ఫెలోషిప్పులో మిగిల్చింది. లేదా నాన్న అప్పుచేసి పంపింది.

అసలు లెక్క ఏమిటో వినండి. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో, విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలో తేల్చే ఒక పట్టిక ఉంది. అందులో పీహెచ్‌డీకి 30 మార్కులు. పరిశోధన వ్యాసానికి రెండేసి మార్కుల చొప్పున మొత్తం 10 మార్కులు మాత్రమే. అంటే ఐదు మంచి వ్యాసాలతో ఆ లెక్క నిండిపోతుంది. యాభై వ్యాసాలు పెట్టినా ఆ పదే. ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికి మాత్రమే. ఎంపిక జరిగేది ఇంటర్వ్యూలో మీరు ఎలా నిలబడ్డారన్న దాని మీదే. మార్కులు మిమ్మల్ని గుమ్మం దాకా తెస్తాయి. గుమ్మం దాటాక అందరూ సున్నా దగ్గర మొదలుపెట్టినట్టే. నిబంధనలు మారుతుంటాయి, కొన్ని నియామకాల్లో ముందు రాతపరీక్ష కూడా పెడతారు. కాబట్టి మీ నోటిఫికేషన్‌లో ఏముందో ప్రతి వాక్యం చదవండి.

పనికిరాని పత్రికల గొడవ యూజీసీకీ తెలుసు. 2018లో తన జాబితా నుంచి నాలుగువేలకు పైగా పత్రికలను తీసేసింది. తర్వాత కేర్ అనే జాబితా పెట్టింది. 2025లో ఆ జాబితానూ ఎత్తేసింది. ఇప్పుడు ఏ పత్రిక మంచిదో చూసుకోవాల్సింది మీరూ మీ గైడూ. బోర్డులో కూర్చున్న సబ్జెక్టు నిపుణులకు తమ రంగంలో పత్రికల పేర్లు బాగా తెలుసు. మీ జాబితాలో అనుమానించాల్సిన పేరు ఒక్కటి కనపడితే, మిగతా మంచి వ్యాసాల మీదా ఆ నీడ పడుతుంది.

బయోడేటాలో కూడా ఇదే నియమం. అచ్చయినవి ఒకచోట. ఆమోదం పొంది అచ్చుకావాల్సినవి ఒకచోట. పంపించి జవాబు కోసం చూస్తున్నవి ఇంకోచోట. కలిపేయకండి. హాజరైన ప్రతి సెమినార్ సర్టిఫికెట్టూ పెట్టకండి. మీరు పత్రం చదివినవి పెట్టండి. మొదటి పేజీ చూసిన మనిషికి మీరు ఏ సబ్జెక్టు, ఏ సమస్య మీద పనిచేశారు, ఏ పేపర్లు పాఠం చెప్పగలరు అన్నవి తెలిసిపోవాలి. తండ్రి పేరు, ఊరు, అభిరుచులు మొదటి పేజీలో అక్కర్లేదు.

ఇక ఇంటర్వ్యూ గది. లోపల ఎవరుంటారు? వైస్ ఛాన్సలర్ అధ్యక్షత వహిస్తారు. బయటి నుంచి వచ్చిన సబ్జెక్టు నిపుణులు ఉంటారు. డీన్ ఉంటారు, విభాగాధిపతి ఉంటారు. ఇంకా ఒకరిద్దరు సభ్యులు ఉంటారు. ఇందులో మీకు అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. ఆ గదిలో సగంమంది మీ సబ్జెక్టు వాళ్లు కాకపోవచ్చు. మీరు కెమిస్ట్రీ అయితే వైస్ ఛాన్సలర్‌గారు చరిత్ర ప్రొఫెసర్ అయి ఉండొచ్చు. మీ మాట ఆయనకూ అర్థం కావాలి, నిపుణుడికీ తేలిక అనిపించకూడదు.

మొదటి ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఒకటే. ‘మీ గురించి చెప్పండి.’ చాలామంది ఇక్కడే తడబడతారు. పుట్టిన ఊరు, ఇంటర్ చదివిన కాలేజీ, నాన్న వృత్తి, తమ్ముడి ఉద్యోగం. రెండు నిమిషాలు గడిచిపోతాయి. అవన్నీ మీ దరఖాస్తులో ఉన్నాయి. బోర్డు అడిగింది మీ పని గురించి.

ఒక ఉదాహరణ చెబుతాను. నీళ్లలో ఫ్లోరైడ్ మీద పరిశోధన చేసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ‘నా అంశం ఫ్లోరైడ్ అధిశోషణ గతిశాస్త్ర అధ్యయనం’ అని ఆమె థీసిస్ పేరు అప్పజెప్పింది. గదిలో ఇద్దరికి అర్థమైంది. మిగతావాళ్లు కాగితాల్లోకి చూశారు. అదే అమ్మాయి ఇలా చెప్పిందనుకోండి. ‘నల్గొండ ప్రాంతంలో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. పటిక, సున్నం కలిపి శుభ్రంచేసే నల్గొండ పద్ధతి ఉంది గానీ, దానిలో బురద మిగులుతుంది. ఇంట్లోనే వాడుకోగలిగేలా, ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే చవక పదార్థం తయారుచేయగలమా అన్నది నా ప్రశ్న. తయారుచేశాను. ల్యాబ్‌లో పనిచేసింది. ఊరి బోరు నీళ్లతో అంత బాగా పనిచేయలేదు. ఎందుకు చేయలేదో కనుక్కోవడమే నా తర్వాతి పని.’

విన్నారా? ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. పనిచేయని సంగతి కూడా దాచలేదు. అయినా గదిలో ప్రతి ఒక్కరూ తలెత్తి చూస్తారు. అడగడానికి ప్రతి ఒక్కరికీ ఒక ప్రశ్న దొరుకుతుంది. మీ ప్రశ్న, మీరు వెతికిన తీరు, తేలింది, ఇక ముందు చేయబోయేది. ఈ నాలుగే. మళ్లీ చెబుతాను. ప్రశ్న, వెతికిన తీరు, తేలింది, ఇక ముందు చేయబోయేది. తెలుగు సాహిత్యం అయినా, గణితం అయినా ఈ నాలుగే.

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్లు టిక్కీ, అంటే మిర్చి బస్తా, మొత్తం కుమ్మరించి చూడరు. చెయ్యి పెట్టి పిడికెడు తీసి, దాన్ని బట్టి ధర కడతారు. మీ రెండు నిమిషాలూ ఆ పిడికెడు. అది బాగుండాలి. కానీ ఆ టిక్కీలోదే అయి ఉండాలి. పైన మంచి కాయ పేర్చి లోపల తాలు పెట్టినవాడి సంగతి యార్డులో అందరికీ తెలిసిపోతుంది. బోర్డుకూ తెలిసిపోతుంది.

తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలకు ఒక మాట. ఇంగ్లిష్ అంటే మీకున్న భయం నాకు తెలుసు. పెద్ద పెద్ద మాటల కోసం వెతక్కండి. చిన్న వాక్యాలు చాలు. ఒక వాక్యంలో ఒక సంగతి. మీ పని గురించి మీరు చెప్పే పది వాక్యాలు ముందే రాసుకుని, గట్టిగా చదివి, స్నేహితుడికి చెప్పి, ఫోనులో రికార్డు చేసుకుని వినండి. బట్టీపట్టమని కాదు. నోటికి అలవాటు కావాలని. వ్యాకరణం ఒకచోట తప్పినా, విషయం మీద పట్టు ఉన్న మనిషిని బోర్డు గుర్తుపడుతుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

తెలియని ప్రశ్న వస్తే ఏం చేయాలి? ‘తెలియదు సార్’ అనండి. అక్కడితో ఆగకండి. ‘దీని గురించి తెలుసుకోవాలంటే ఫలానా దిక్కున వెతుకుతాను’ అని ఒక మాట కలపండి. తెలియకపోవడం పరిశోధకుడికి సిగ్గుచేటు కాదు. తెలిసినట్టు నటించడం ప్రమాదం. నిపుణుడు ఇంకో ప్రశ్న వేస్తాడు, ఆ తర్వాత ఇంకొకటి. మూడో ప్రశ్నకు నటన నిలవదు.

గెస్ట్ లెక్చరర్లుగా, పార్ట్‌టైమ్ అధ్యాపకులుగా ఉన్న మిత్రులారా, మీతో ప్రత్యేకంగా మాట్లాడాలి. ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అని అడిగితే మీలో చాలామంది, ‘ఏదో గెస్ట్‌గా చెబుతున్నాను సార్’ అని గొంతు తగ్గించి అంటారు. అలా అనకండి. సెలవుల్లో జీతం లేకపోయినా, పోస్టు పర్మినెంట్ కాకపోయినా, మీరు చెప్పిన పాఠం పాఠమే. ఏ పేపర్లు చెప్పారో చెప్పండి. పిల్లలకు ఎక్కడ కష్టమయ్యేదో, దాన్ని మీరు ఎలా విడమరిచారో చెప్పండి. మూలపడ్డ ల్యాబును మీరు నడిపించి ఉంటే ఆ సంగతి చెప్పండి. తరగతి గది గురించి ఇంత దగ్గరగా చెప్పగలిగిన అభ్యర్థులు తక్కువ. అది మీ బలం. ఒకటి మాత్రం వద్దు. పాత కాలేజీ యాజమాన్యం గురించి, మీ గైడు గురించి అక్కడ చెడు చెప్పకండి. అన్యాయం జరిగే ఉండొచ్చు. కానీ ఆ ఇరవై నిమిషాలు మీ పనికి దక్కాల్సినవి, వాళ్లకు ఇవ్వకండి.

కొన్ని సంస్థలు పాఠం చెప్పి చూపించమంటాయి. ఐఐటీల వంటి చోట్ల సెమినార్ ఇమ్మంటారు, ముందుముందు చేయబోయే పరిశోధన గురించి రాసి ఇమ్మంటారు. పాఠం చెప్పమన్నప్పుడు ఎదురుగా ఉన్నది ప్రొఫెసర్లయినా, విద్యార్థులే అనుకుని చెప్పండి. నల్లబల్ల మీద రాయండి. ఒక చిన్న అంశం తీసుకుని పూర్తిగా చెప్పండి. సిలబస్ మొత్తం పరుగులు పెట్టించకండి.

ఇంత చెప్పాక, మీలో ఒకరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘సార్, పోస్టులు ముందే మాట్లాడేసుకుంటారు కదా, సిఫార్సు ఉన్నవాడికే వస్తుంది కదా, ఇదంతా ఎందుకు?’ అలాంటిది ఎక్కడా జరగదని నేను అనను. అలా అంటే మీరు నా మాట నమ్మరు. కానీ నిజాయితీగా నడిచే బోర్డులు ఉన్నాయి. ఎవరినీ ఎరగకుండా వెళ్లి, పని చెప్పి, ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మంచి బోర్డు ముందుకు మీరు వెళ్లిన రోజున, ఎలాగూ రాదనుకుని తయారుకాకుండా వెళితే, ఆ నష్టం ఎవరు చేసినట్టు? పైగా ఈ తయారీ ఒక్క ఇంటర్వ్యూతో పోదు. పోస్ట్‌డాక్ కోసం విదేశీ ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసినా, ప్రాజెక్టుకు నిధులు అడిగినా, రేపు మీ విద్యార్థులకు పాఠం చెప్పినా, అదే ప్రశ్న, అదే వెతికిన తీరు, అదే తేలింది, అదే ముందు చేయబోయేది.

ఒకవేళ ఉద్యోగం రాలేదనుకోండి. మీరు పనికిరారని దాని అర్థం కాదు. ఒక్క పోస్టుకు ఎంతోమంది అర్హులు వస్తారు. బయటికొచ్చిన సాయంత్రమే, అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. జవాబు తట్టనివి ఏవో గుర్తుపెట్టుకోండి. తర్వాత వెళ్లేవాళ్లకు ఆ పుస్తకం చూపించండి.

చివరిగా, ఈ ప్రసంగం వింటున్న ప్రొఫెసర్లకు ఒక మనవి. థీసిస్ రాయించడంతో మన బాధ్యత తీరిపోదు. ఆ థీసిస్‌ను నలుగురిలో నిలబడి చెప్పడం కూడా మనమే నేర్పాలి. ఏడాదికి రెండుసార్లు మీ డిపార్ట్‌మెంట్‌లో ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఒకటి పెట్టండి. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లను పిలిచి ప్రశ్నలు అడిగించండి. దానికి నిధులు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం చాలు. పెద్ద నగరాల్లో, పేరున్న సంస్థల్లో చదివిన పిల్లలకు ఈ శిక్షణ ఎలాగోలా అందుతుంది. ఇంటిలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు మనం తప్ప ఎవరు చెబుతారు?

యువ మిత్రులారా, మీరు ఈ రాత్రికే నాలుగు వాక్యాలు రాయండి. ప్రశ్న, వెతికిన తీరు, తేలింది, ఇక ముందు చేయబోయేది. మీ సబ్జెక్టు తెలియని ఒక మనిషికి, వీలైతే అమ్మకో నాన్నకో, వాటిని చదివి వినిపించండి. వాళ్లు తిరిగి ఒక ప్రశ్న అడిగితే మీరు సరిగ్గా చెప్పినట్టు. అడగకపోతే రేపు మళ్లీ రాయండి.